చుక్కలు తుడిచిన అక్క

బస్టాండుకు ఎదురు సందులో, కళ్లజోళ్ల దుకాణానికీ జిరాక్సు సెంటరుకీ మధ్య ఇరుక్కున్నట్టుండే ఫోటో స్టూడియోలో ఆమె ఇరవై ఆరేళ్లుగా టచింగ్ పని చేస్తోంది. స్టూడియో అన్నయ్యది. ఫోటోలు తీసేది అన్నయ్య, కౌంటర్లో కూర్చుని కవర్ల మీద పేర్లు రాసేది వదిన, తీసిన ఫోటోను మనిషి ముఖంలా తయారుచేసేది ఈమె. ఫిల్ము రోజుల్లో రీలు మీద రవ్వంత దుమ్ము పడినా, ప్రింటులో అది తెల్లటి చుక్కై కూర్చునేది. పెళ్లికూతురి ముక్కు మీదో, పెద్దాయన కంటిపాపలోనో. నాలుగు వెంట్రుకల కుంచెతో, ఊపిరి బిగబట్టి, ఆ చుక్కను చుట్టూ ఉన్న రంగులో కలిపేయడం ఆమె విద్య. తర్వాత కంప్యూటరు వచ్చింది, కుంచె పోయి మౌసు చేతికొచ్చింది. పని మాత్రం మారలేదు. చుక్క కనపడితే తీసేయాలి, అంతే.

ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. పెళ్లయిన కొత్తలో భర్త ఎడమ చెంప మీది పుట్టుమచ్చను చూస్తే ఆమె వేళ్లు ఊరుకునేవి కావు. ఆయన లిఫ్టు మెకానిక్కు, నెమ్మదస్తుడు. "ఇది పుట్టుకతో వచ్చింది. నీకంత ఇబ్బందిగా ఉంటే కుడిపక్కన కూర్చో," అన్నాడు. అప్పటినుంచీ ఆమె కుడిపక్కనే కూర్చుంటోంది.

ఆ సందు చివర ఒక పళ్ల డాక్టరు ఉన్నాడు. నలభై దాటాక ఆయనకు ఆకాశం పిచ్చి పట్టింది. మంచి కెమెరా కొన్నాడు, మూడు కాళ్ల స్టాండు కొన్నాడు, ఊరి బయట కొండ దగ్గరికి వెళ్లి ఫోటోలు తీసుకొచ్చాడు. ఒకరోజు ఆ పెన్‌డ్రైవు వదిన చేతిలో పెట్టి, "దీన్ని తలుపంత సైజులో వేయాలండీ. నా దగ్గరికొచ్చేవాళ్లు భయంతో బిగుసుకుపోయి కూర్చుంటారు. ఎదురుగా కాస్త ఆకాశం కనపడితే గుండె నిమ్మళిస్తుంది. కొంచెం శుభ్రంగా చేయించండి," అన్నాడు.

వదిన కవరు మీద పెద్ద అక్షరాలతో "శుభ్రంగా చేయాలి" అని రాసింది. కొంపముంచింది ఆ ఒక్క మాటే.

టచింగ్ అక్క ఆ ఫోటో తెరిచి నివ్వెరపోయింది. ఇరవై ఆరేళ్లలో ఇంత దుమ్ము ఆమె ఎక్కడా చూడలేదు. ఒకటా, రెండా? వేలు. "ఈ మహానుభావుడు కెమెరాను పిండిమరలో దాచుకుంటాడేమో!" అనుకుంటూ చీకటిని పెద్దది చేసి, ఒక మూలనుంచి మొదలుపెట్టింది. రెండున్నర రోజులు పట్టింది. మెడ పట్టేసింది, మణికట్టు వాచింది. మధ్యలో వదిన టీ తెచ్చిపెడితే చల్లారిపోయినా చూసుకోలేదు. చివరి చుక్క తీసేసినప్పుడు, పెద్ద ఇల్లంతా ఊడ్చి తడిగుడ్డ పెట్టినంత తృప్తి కలిగింది ఆమెకు.

డాక్టరు వచ్చి కౌంటరు దగ్గరే ప్రింటు చుట్ట విప్పాడు. అడుగున నాలుగు చెట్లు. వాటి మీద మనిషెత్తు నలుపు.

ఆయన కాసేపు చూశాడు. తిప్పి వెనకవైపు చూశాడు. "చుక్కలేవండీ?" అన్నాడు.

"తీసేశానండీ," అంది ఆమె, పొగడ్త కోసం ఎదురుచూస్తున్న గొంతుతో. "అబ్బో, చాలా ఉన్నాయి. ఇప్పుడు భూతద్దం పెట్టి వెతకండి, ఒక్కటి కనపడితే నన్నడగండి."

లోపల్నుంచి అన్నయ్య వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"ఆకాశంలో చుక్కలుంటాయని తెలీదటే నీకు?"

"తెలుసన్నయ్యా," అంది ఆమె. అప్పటికి ఆమెకు సంగతి అర్థమై ముఖం పాలిపోయింది. "కానీ అన్నుంటాయా?"

ముందు వదిన నవ్వింది. తర్వాత అన్నయ్య. చివరికి డాక్టరు కూడా స్టూలు లాక్కుని కూలబడి, కళ్లు తుడుచుకుంటూ నవ్వాడు. కళ్లజోళ్ల దుకాణం ఆయన ఏమైందో చూద్దామని వచ్చి, విషయం విని, దాన్ని వెంటనే జిరాక్సు సెంటరుకు చేరవేశాడు. సాయంత్రానికల్లా టచింగ్ అక్క చుక్కలక్క అయిపోయింది.

"అసలు ఫైలు నా దగ్గర భద్రంగా ఉందిలెండి," అన్నాడు డాక్టరు, నవ్వు ఆగాక. "మళ్లీ వేయండి. నిజంగా దుమ్ము ఉంటే మాత్రం తీసేయండి."

"ఏది దుమ్మో ఏది చుక్కో ఎలా తెలుస్తుంది డాక్టరుగారూ?"

ఆయన కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగాడు. "చూస్తే తెలిసిపోతుంది కదండీ."

"మీకు తెలుస్తోందా?"

ఆయన ఇంకాస్త వంగాడు. దగ్గాడు. పంటిలో పుచ్చు ఎక్కడుందో నోరు తెరిచిన వెంటనే చెప్పేసే మనిషి, తాను తీసిన ఫోటోలో ఏముందో చెప్పలేక నీళ్లు నమిలాడు.

చుక్కలక్కకు అవమానం కన్నా పట్టుదల ఎక్కువైంది. అదే చోట వరసగా తీసిన ఫోటోలు ఇంకేమైనా ఉన్నాయా అని అడిగి, పదకొండు తెప్పించుకుంది. ఒకదాని మీద ఒకటి పెట్టి చూసింది. మర్నాడు మధ్యాహ్నానికి గుట్టు బయటపడింది. చుక్కలన్నీ గుంపుగా, బడి వదిలిన పిల్లల్లా, ఫోటో ఫోటోకీ ఒకే వైపు కొంచెం కొంచెం జరుగుతున్నాయి. పద్నాలుగు మాత్రం ఉన్నచోటునుంచి కదలడం లేదు. ఆకాశం కదులుతుంటే కదలనివి ఆకాశానివి ఎలా అవుతాయి? అవి కెమెరా లోపాలు. ఆ పద్నాలుగూ తీసేసి తక్కినవాటిని వదిలేసింది. డాక్టరుకు అంతకుముందు ఎన్నిసార్లు చూసినా కనపడని సంగతి అది. ఆయన వెంటనే ఇంటికెళ్లి, తన దగ్గరున్న నక్షత్రాల పటాల పుస్తకం తెచ్చి ఆమెకిచ్చాడు. "నేను మూడో పేజీ దాటలేకపోయాను. మీరు ప్రయత్నించండి," అన్నాడు.

ఆ పుస్తకం ఎవరికైనా కష్టమే. ఆమెకు మాత్రం వచ్చేసింది, ఎందుకంటే ఆమె దాన్ని గ్రూపు ఫోటోలా చదివింది. ఇన్నేళ్లలో ఎన్ని గ్రూపు ఫోటోలు ఆమె చేతిమీదుగా పోయాయి! మధ్యలో పెద్దాయన, ఆయన కుడిపక్కన పెద్దల్లుడు, వెనక వరసలో పొట్టి మరిది తల మాత్రమే, మూలన అలిగి నిలబడ్డ ఆడపడుచు. ఒక్కసారి చూస్తే ఎవరి పక్కన ఎవరున్నారో ఆమె మరిచిపోదు. నక్షత్రాలూ అంతే. వేటగాడు అనే చుక్కల గుంపులో ఆయన నడుముకు మూడు, భుజాలకు రెండు, కాళ్లకు రెండు. అటువైపు ఒక్క కుదురుగా పిల్లలకోడి, అంటే కృత్తికలు. ఎవరి స్థానాల్లో వాళ్లున్నారు. పటంలో లేనివాడెవడైనా మధ్యలో మెరుస్తూ నిలబడితే, అది పిలవని పేరంటానికొచ్చిన గ్రహం. ఆ గ్రహమేదో నెల చూసి, పుస్తకం వెనకున్న పట్టీ చూసి చెప్పేది.

ఊళ్లో ఆకాశం చూసేవాళ్ల సంఘం ఒకటుంది. పన్నెండు మంది సభ్యులు. డాక్టరు నోటిద్వారా వాళ్లకు తెలిసింది. ఇక స్టూడియోకు వరస కట్టారు. సభ్యులే కాదు, ఎవరి ఫోనులో ఏ వెలుగు పడినా సందులోకి రావడమే. ఆమె కవరు మీద పెన్సిలుతో ఒక్క ముక్కలో తేల్చేసేది. "విమానం. ఎరుపు ఒకవైపు, పచ్చ ఒకవైపు చూడండి." "ఉపగ్రహం. గీత మధ్యలో తెగలేదు." "పురుగు. రెక్కలు కనపడుతున్నాయి." తపాలా ఆఫీసు గుమాస్తా ఒకాయన, తన మేడ మీద ఎగిరే పళ్లెం దిగిందని వణుకుతూ వచ్చాడు. ఆమె ఫోటోను పెద్దది చేసి, "ఇది మీ వంటింటి ట్యూబులైటండీ. కిటికీ అద్దంలోంచి తీశారు. పక్కన గిన్నెల స్టాండు కూడా పడింది," అంది. ఆయన తేరుకుని, "మా ఆవిడకు చెప్పకండి. రెండ్రోజులనుంచి నేను చెప్పినమాట వింటోంది," అని బతిమాలాడు.

ఆ సంఘానికి అధ్యక్షుడు రిటైరైన హెడ్మాస్టరు. లెక్కల మాస్టారు. ఊళ్లో సగం మందికి ఎక్కాలు చెప్పిన మనిషి, మిగతా సగం మందికి చెవులు మెలిపెట్టిన మనిషి. చుక్కలక్క అన్నయ్యకు రెండూ జరిగాయి. ఒకనాడు ఆ మాస్టారు ఫోను పట్టుకుని, ఎప్పుడూ లేనిది పరుగులాంటి నడకతో స్టూడియోకు వచ్చాడు.

"అమ్మాయ్, ఈ మూడూ పెద్ద సైజులో ప్రింటు తియ్యి. నిన్నా, మొన్నా, అటుమొన్నా సాయంత్రాలు తీశాను. తోకచుక్క! ఏ పుస్తకంలోనూ లేదు, ఏ పట్టీలోనూ లేదు. కొత్తది!"

మూడింటిలోనూ నెలవంక ఉంది. చంద్రుడికి దూరంగా, లేతాకుపచ్చగా, తోకలాంటిది కూడా ఉన్న చిన్న మెరుపొకటుంది. ఒక్కో ఫోటోలో ఒక్కో చోట.

"రోజుకి ఎంత దూరం జరుగుతోందో చూశావా? దాని వేగం కట్టాను. రెండు కాగితాలు పట్టింది లెక్క," అన్నాడు మాస్టారు. తర్వాత గొంతు తగ్గించి, "దీనికి మా ఆవిడ పేరు పెడుతున్నాను. వచ్చేవారం మా పెళ్లయి నలభై ఏళ్లు," అన్నాడు.

ఆయన వెళ్లాక ఆమె ప్రింట్లు తీసి బల్ల మీద పరిచింది. ఎందుకో ఆ పచ్చదనం ఆమెకు నచ్చలేదు. ఫుట్‌రూలు తీసుకుని ఫోటో మూలనుంచి మూలకు రెండు గీతలు గీసింది. అవి కలిసినచోటు ఫోటో నడిబొడ్డు. చంద్రుడినుంచి ఆ నడిబొడ్డుకు తొమ్మిది సెంటీమీటర్లు. అదే గీతను అవతలివైపు పొడిగిస్తే, తొమ్మిదో సెంటీమీటరు దగ్గర తోకచుక్క. రెండో ఫోటోలో ఆరున్నర, ఆరున్నర. మూడోదానిలో పదకొండు, పదకొండు. చంద్రుడు ఏ మూలనుంటే, తోకచుక్క సరిగ్గా దానికి ఎదురు మూలన. అంటే అది ఆకాశంలో లేదు. చంద్రుడి వెలుగు ఫోను కటకంలో పడి, లోపలే తిరిగి వేసిన నీడలాంటి మెరుపు.

ఆమె వెళ్లి అన్నయ్యకు చూపించింది.

"నువ్వే చెప్పన్నయ్యా ఆయనకు."

"నేనా? ఆయన నాకు పదమూడో ఎక్కం చెప్పినాయనే! ఆయన ముందు తప్పు అన్నమాట నా నోటికి రాదు. అయినా నీకెందుకు? ప్రింటు తియ్యమన్నాడు, తీశావు. ఊరుకో."

ఊరుకోవడం ఆమెకు చేతకాలేదు. మర్నాడు పొద్దున్నే ప్రింట్లూ ఫుట్‌రూలూ సంచిలో పెట్టుకుని మాస్టారింటికి వెళ్లింది. ఆయన లేడు. తలుపు తీసింది ఆయన భార్య. సన్నగా, చురుగ్గా, కత్తిలాంటి మాట మనిషి.

"రామ్మా, నువ్వేనా చుక్కలన్నీ తుడిచేసింది? కూర్చో. టీ తాగు. విన్నావా ఈ విడ్డూరం? నలభై ఏళ్లలో ఈయన నన్ను పేరు పెట్టి పిలిచింది లేదు. 'ఏమోయ్' అనడమే. ఇప్పుడు పోయి పోయి తోకచుక్కకి నా పేరట! తోకుందని గుర్తొచ్చానో ఏంటో!"

ఎత్తిపొడుపుగానే అంది. కానీ చెబుతూ చెబుతూ నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ పొద్దున్నే ఇద్దరు అక్కలకీ, ఒక ఆడపడుచుకీ, ఎప్పుడో మాటలు మానేసిన తోడికోడలికి కూడా ఫోను చేసి చెప్పానంది. చుక్కలక్క టీ తాగింది. బిస్కట్టు తింది. సంచి జిప్పు మీద చెయ్యి వేసింది, తీసేసింది. వచ్చినదారినే తిరిగొచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం గ్రంథాలయం మేడ మీద హాల్లో సంఘం సమావేశం పెట్టారు. పత్రికా విలేఖరిని పిలిచారు. మాస్టారు భార్య మొదటి వరసలో కూర్చుంది, కొత్త బట్టల్లో. చుక్కలక్క అన్నయ్యతో కలిసి వెళ్లి, చిట్టచివరి వరసలో స్తంభం చాటు చూసుకుని కూర్చుంది. ఏమడిగినా నోరు విప్పకూడదని ఒట్టేసుకుంది.

మాస్టారు అరగంట మాట్లాడాడు. వేగం లెక్క బోర్డు మీద వేశాడు. చివర్లో, "నా మాట నమ్మనక్కర్లేదు. ఈ ఊళ్లో ఏది చుక్కో ఏది మచ్చో తేల్చే మనిషి మన మధ్యే ఉంది. అమ్మాయ్, ఇలా వచ్చి చెప్పు. ఇందులో దుమ్మేమైనా ఉందా?" అన్నాడు.

అందరూ వెనక్కి తిరిగారు. స్తంభం ఏ మాత్రం ఆదుకోలేదు. అన్నయ్య మోచేత్తో పొడిచి, "లేదని చెప్పి కూర్చో," అని గొణిగాడు.

ఆమె లేచింది. "దుమ్ము లేదండీ," అంది.

"విన్నారా!" అన్నాడు మాస్టారు.

ఆమె కూర్చోబోయి మళ్లీ లేచింది. దుమ్ము లేదన్నది నిజమే, కానీ ఆ నిజం గొంతులో చేపముల్లులా అడ్డం పడింది.

"మాస్టారూ, ఒక్కటి అడగొచ్చా? మీ ఫోనుతో ఇప్పుడు ఈ హాల్లో దీపాన్ని ఒక ఫోటో తీస్తారా? దీపం మాత్రం ఒక మూలకి రావాలి."

"ఎందుకూ?"

"ఊరికే, నా కోసం."

మాస్టారు ఫోను ఎత్తి, గోడ మీది పెద్ద దీపం పై మూలకు వచ్చేలా నొక్కాడు. ఫోటో చూసుకున్నాడు. ఎదురు మూలన కూర్చున్న విలేఖరి నుదుటి మీద, తోకతో సహా, లేతాకుపచ్చ తోకచుక్క వెలుగుతోంది.

మాస్టారు ఫోను కాస్త జరిపి మళ్లీ తీశాడు. తోకచుక్క విలేఖరిని వదిలి డాక్టరు భుజమెక్కింది. మూడోసారి తీశాడు. ఆయన ఎంత అహంభావి అయినా లెక్కల మాస్టారు. మూడో ఫోటోకల్లా తెలిసిపోయింది. చెయ్యి చాచి, "ఫుట్‌రూలుందా?" అన్నాడు. ఆమె సంచిలోంచి రూలూ, గీతలు గీసిన ప్రింట్లూ తీసిచ్చింది. ఆయన అక్కడే, బల్ల మీద వంగి, మూడు ఫోటోలూ స్వయంగా కొలిచాడు. తొమ్మిది, తొమ్మిది. ఆరున్నర, ఆరున్నర. పదకొండు, పదకొండు. జేబులోంచి ఎర్ర పెన్ను తీసి, ఒక్కో ప్రింటు మీదా రైటు కొట్టి, ఆమెకు తిరిగిచ్చేశాడు. తర్వాత ఎవరితోనూ మాట్లాడకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. భార్య చేతిసంచి సర్దుకుని వెనకే వెళ్లింది.

విలేఖరి ఏం విన్నాడో, ఏం రాసుకున్నాడో గాని, మర్నాడు పత్రికలో "గ్రంథాలయంలో తోకచుక్క" అని పడింది. వారం రోజులపాటు జనం పుస్తకాల కోసం కాకుండా పైకప్పు చూడటానికి వచ్చారట.

మాస్టారు మూడు వారాలు ఆ సందులో అడుగుపెట్టలేదు. బస్టాండుకు వెళ్లాలన్నా చుట్టూ తిరిగి వెళుతున్నాడని జిరాక్సు సెంటరు చెప్పింది. అన్నయ్య రోజూ సాధించాడు. "మచ్చలు తీసేదానివి మచ్చ తెచ్చిపెట్టావు," అన్నాడు. చుక్కలక్కకు అన్నం సహించలేదు. నేను చేసింది తప్పా అని భర్తను అడిగింది. ఆయన బాగా ఆలోచించి, "లిఫ్టు బాగోలేదని చెబితే నా మీదా అరుస్తారు. అయితే ఎవరూ ఎక్కరు," అన్నాడు. అది ఓదార్పో కాదో ఆమెకు తేలలేదు.

నాలుగోవారంలో మాస్టారి భార్య ఒంటరిగా స్టూడియోకు వచ్చింది. కౌంటరు దగ్గర నిలబడి, "అమ్మాయ్, ఆ మూడింట్లో పెద్ద తోకున్నది ఒకటి నాకు ప్రింటు తీసివ్వు. మంచి కాగితం మీద," అంది.

"అమ్మగారూ, అది తోకచుక్క కాదండీ..."

"ఏం, నేనక్కడ లేనా? తోడికోడలు అప్పుడే ఫోను చేసి రెండుసార్లు పరామర్శించింది కూడా. కాకపోతే కాకపోయింది. ఆయన నా కోసం మూడు సాయంత్రాలు చలిలో నిలబడి తీశారు. చలికి తుమ్ములు కూడా పట్టుకొచ్చారు. అది నిజమేగా?"

చుక్కలక్క మారుమాట్లాడకుండా ప్రింటు తీసింది. కవర్లో పెట్టబోతుంటే ఆవిడ ఆపి, "శనివారం సాయంత్రం సంఘంవాళ్లు కొండ దగ్గరికి వెళుతున్నారు. నువ్వూ రా. ఆయన పిలవరు. నేను పిలుస్తున్నాను," అంది.

వెళ్లాలంటే ఆమెకు భయం వేసింది. మాస్టారంటే ఉన్న భయం ఒకటి, ఎవరికీ చెప్పుకోలేనిది ఇంకొకటి. ఇన్ని నెలలుగా ఊరందరి ఆకాశాన్నీ గుర్తుపట్టి చెప్పిన మనిషి, తలెత్తి అసలు ఆకాశాన్ని చూసింది లేదు. తీరికేదీ? స్టూడియోనుంచి ఇల్లు, ఇంటినుంచి పక్క. ఆమె చూసిన ఆకాశమంతా అడుగున్నర తెర మీదే.

శనివారం భర్త స్కూటరు మీద దింపాడు. పొద్దు గూకి ముప్పావుగంట దాటింది. సంఘంవాళ్లు స్టాండ్లు సర్దుకుంటున్నారు. మాస్టారి భార్య మడతకుర్చీలో శాలువా కప్పుకుని, దోమల గురించి అందరికీ వినపడేలా మాట్లాడుతోంది. మాస్టారు చుక్కలక్కను చూసి అటు తిరిగాడు. చుక్కలు ఒకటొకటే బయటపడుతున్నాయి. చుక్కలక్క తలెత్తింది. అటు చూసింది, ఇటు చూసింది, గుండ్రంగా తిరిగింది. ఆకాశంలో ఒక్క ముఖమూ ఆమెకు తెలిసింది కాదు.

"దీనికి అంచులేవండీ?" అంది కంగారుగా.

డాక్టరు నవ్వాడు. మాస్టారు ఇటు తిరిగాడు.

"ఏమన్నావ్?"

"అంచుల్లేకపోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలీడంలేదండీ. ఆ తూర్పున మూడు వరసగా ఉన్నాయి, వేటగాడి నడుములాగే ఉంది. కానీ ఆయన నిలబడి ఉండాలి కదా? ఈయన అడ్డంగా ఉన్నాడు."

మాస్టారి ముఖంలో మూడు వారాలుగా గడ్డకట్టినదేదో కరగడం మొదలైంది. "ఇప్పుడేగా లేస్తున్నాడు! ఇంకా పక్క మీదే ఉన్నాడు," అన్నాడు. "నువ్వు ఆకాశం ఎప్పుడూ చూడలేదా?"

"లేదండీ."

"ఒక్కసారి కూడా?"

"పని ఉంటుందండీ."

మాస్టారు చేతులు వెనక్కి కట్టుకున్నాడు. రిటైరయ్యాక ఇంత పచ్చి శిష్యురాలు ఆయనకు దొరకలేదు. "అయితే ఇలా రా. ఇక్కడ నిలబడు. ముందు ఉత్తరం ఎటో చెప్పు," అన్నాడు.

ఆమె తప్పు చెప్పింది. ఆయన పరమానందంగా, "తప్పు!" అన్నాడు. చెయ్యి చాపి పిడికిలితో ఆకాశాన్ని ఎలా కొలవాలో చూపించాడు. ఆమె కొండ మీద ఎర్రగా వెలుగుతున్నదాన్ని వేటగాడి భుజమనుకుంది. అది సెల్‌ఫోను టవరు దీపం. "తప్పు! మళ్లీ చూడు!" అన్నాడు. ఆయన భార్య కుర్చీలోంచి, "అరవకండి, బడి కాదిది," అంది. ఆయన వినిపించుకోలేదు.

గంటన్నర తర్వాత భర్త మళ్లీ వచ్చాడు. ఆమె మెడ రుద్దుకుంటూ వెనక ఎక్కింది.

"ఏమేం చూశావు?" అన్నాడు.

"పదిలో ఏడు తప్పులు వచ్చాయి," అంది ఆమె. "శనివారంలోగా ఉత్తర దిక్కు వంద చుక్కలూ నేర్చుకుని రమ్మన్నారు. కొంచెం నెమ్మదిగా పోనివ్వు, నేను పైకి చూడాలి."